పెద్ద ట్యాంకుకి క్యానిస్టర్: మూత మీదున్న ఆ లివర్ కోసం

మాది ఐదడుగుల చేపల ట్యాంకు. వెడల్పూ ఎత్తూ రెండేసి అడుగులు, అంచుదాకా నింపితే 566 లీటర్లు. అందులో ఆస్కార్లనే పెద్ద చేపలు. అవి ఎంత తింటాయో, ఎంత చెత్త చేస్తాయో పెంచినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ చెత్త కోసమే ట్యాంకు కింద క్యానిస్టర్ ఫిల్టర్ పెట్టాను: ఒక పైపుతో నీళ్లు దించుకుని, వడకట్టి, ఇంకో పైపుతో తిరిగి ట్యాంకులోకి తోస్తుంది. దాని ప్యాకింగ్ మీద గంటకి ఇన్ని లీటర్లని వేసే అంకె జోలికి పోను. స్పాంజి, సిరామిక్ రింగులు కూరి, నీళ్లు ట్యాంకు ఎత్తుకి ఎక్కాల్సి వచ్చాక ఆ అంకె ఎలాగూ రాదు.

ఇన్నేళ్లు వాడాక కూడా నాకు ముద్దొచ్చేది దీని మూత మీదున్న లివర్. దాన్ని ఎత్తితే రెండు పైపులూ ఒకేసారి మూసుకుని, కనెక్టర్ ఒక్క ముక్కగా ఊడి చేతికొస్తుంది. ఫిల్టర్‌ని బాత్రూంకి మోసుకెళ్లి, ట్యాంకులోంచి తీసిన నీళ్లతోనే స్పాంజి పిండి, తెచ్చి బిగించి లివర్ దించితే చాలు. పైనున్న నీళ్లు వాటంతటవే దిగి ఫిల్టర్ నింపేస్తాయి. మొదట నీళ్లు లాగడానికి నొక్కే ప్రైమింగ్ బటన్ ముట్టుకునే పనే ఉండదు.

దీని అసలు విలువ ఒక మే నెల గాలివానప్పుడు తెలిసింది. రాత్రి పోయిన కరెంటు తెల్లారినా రాలేదు. అపార్ట్‌మెంట్ జనరేటర్ లిఫ్టుకీ మోటారుకీ మాత్రమే. క్యానిస్టర్ అంటే మూత బిగించిన డబ్బా. నీళ్లు కదలకపోతే లోపల నీళ్లని శుభ్రం చేసే బ్యాక్టీరియా మిగిలిన ఆక్సిజన్ అంతా వాడేసుకుంటుంది, ఆ తర్వాత అదే చావడం మొదలవుతుంది. రెట్టలూ మేత ముక్కలూ గాలి లేకుండా కుళ్లుతాయి. కరెంటు వచ్చిందంటే ఆ కుళ్లు నీళ్లన్నీ పంపు తిన్నగా చేపల మీదికే తోస్తుంది.

అందుకే ముందు ప్లగ్గు పీకేశాను. చీకట్లో ఫోను లైటు పళ్లతో పట్టుకుని లివర్ ఎత్తాను. మూత తీయగానే కుళ్లిన కోడిగుడ్డు కంపు. నీళ్లు నల్లగా, పైన జిగట తెట్టు. అదంతా పారబోసి, మీడియాని, అంటే ఆ స్పాంజి, రింగుల్ని, ట్యాంకు నీళ్లలో జాడించి పళ్లెంలో పరిచాను, తడి ఆరకుండా, గాలి తగిలేలా. నేల మీద కారింది గుడ్డముక్కతో తుడిస్తే పోయేంతే. అదే పైపులు విడివిడిగా పీకాల్సిన రకమైతే ఆ చీకట్లో నావల్ల అయ్యేది కాదు. కరెంటు వచ్చాక అమ్మోనియా పరీక్ష చేస్తే పసుపు రావాల్సిన చుక్కలు లేత ఆకుపచ్చకి తిరిగాయి, అంటే నీళ్లలో అమ్మోనియా చేరిందన్నమాట. మా బోరు నీళ్లకి పీహెచ్ ఎక్కువ, అలాంటి నీళ్లలో అమ్మోనియా విషం ఇంకా గట్టిగా పనిచేస్తుంది. మేత ఆపేసి, రోజూ కొన్ని నీళ్లు మారుస్తూ వచ్చాను. ఒక్క చేప కూడా పోలేదు.

కొన్న కొత్తలో ఇదొక్కటుంటే ఇంకో ఫిల్టర్ అక్కర్లేదని అందరికీ చెప్పేవాణ్ని. ఇప్పుడు చెప్పను. ఆ గాలివాన తర్వాత మూలన ఒక స్పాంజి ఫిల్టర్ పెట్టి, దాన్ని కరెంటు పోయినా నడిచే బ్యాటరీ ఎయిర్ పంపుకి తగిలించాను.

లివర్ మీద ప్రేమ కూడా కాస్త తగ్గింది. కనెక్టర్ లోపలి రబ్బరు రింగులు ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతాయి. బోరు నీళ్ల సున్నం వాటి చుట్టూ గట్టిపడి, లివర్ బిగుసుకుపోతుంది. ఒకరోజు స్టాండు లోపలి చెక్క తడిసి ఉబ్బి కనిపించింది, చూస్తే కనెక్టర్ దగ్గర చుక్క చుక్కగా కారుతోంది. రింగులు విడిగా అమ్మరట, కనెక్టర్ మొత్తం కొనాల్సి వచ్చింది. అప్పటినుంచి కడిగిన ప్రతిసారీ సున్నాన్ని వెనిగర్‌తో వదిలించి, రింగులకి సిలికాన్ గ్రీజు రాస్తున్నాను. వ్యాజిలైన్ మాత్రం వద్దు, కొన్ని రకాల రబ్బరు దానికి ఉబ్బిపోతుంది. ఐహైమ్ కంపెనీ క్లాసిక్ లాంటి పాత పద్ధతి ఫిల్టర్లలో ఈ లివర్ ఉండదు, పైపులకి విడి ట్యాపులే. ఊడదీయడం ఆలస్యమే, కానీ పాడవడానికి అక్కడ ఉన్న భాగాలే తక్కువ.

మీ అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటు లోపలికి కూడా జనరేటర్ కరెంటు వస్తుంటే, నల్లా నీళ్లే వాడుతుంటే, చిన్న చేపలూ మొక్కలే ఉంటే మీకు ఆ పాత రకమే హాయి కావచ్చు. కరెంటు పోయే వీధిలో బోరు నీళ్లతో ఆస్కార్లని పెంచే నేను మాత్రం మళ్లీ లివర్ ఉన్నదే కొంటాను. కాకపోతే ఈసారి షాపువాడు విడి రింగులు తీసి చూపించాకే డబ్బులిస్తాను.