ఓరుగల్లు చూడాలంటే ఏ స్టేషన్‌లో దిగాలి?

ఓరుగల్లు చూద్దామని వచ్చేవాళ్లు చాలామంది కళ్లు మూసుకుని వరంగల్‌కే టికెట్ తీసుకుంటారు. మేమూ ఇన్నేళ్లూ అంతే. ఈసారి అమ్మకు మోకాళ్ల నొప్పులు, బస చూస్తే హన్మకొండలో. అందుకే సికింద్రాబాద్ నుంచి వస్తూ ఓ పది కిలోమీటర్లు ముందే కాజీపేటలో దిగేశాం. హన్మకొండలో నక్కలగుట్ట వైపు ఉండేవాళ్లకు ఇదే దగ్గర. ముందు కోట చూడాలనుకుంటే మాత్రం వరంగలే నయం.

నిజాం కాలంలో 1886లో వరంగల్‌కు, 1889లో బెజవాడకు రైలు వచ్చింది. కాజీపేట దశ తిరిగింది మాత్రం ఇక్కణ్నుంచి మహారాష్ట్రలోని బల్లార్షాకు వేసిన లైనుతోనే. 1929లో అది పూర్తయ్యాక ఢిల్లీ, మద్రాసుల మధ్య నేరుగా రైలు దారి పడింది. ఆ తర్వాత ఇంజన్లు బాగుచేసే డీజిల్ షెడ్, ఎలక్ట్రిక్ షెడ్, క్వార్టర్లు వచ్చి ఊరంతా రైల్వే ఊరైపోయింది.

ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకోండి. ఢిల్లీ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో వస్తే కాజీపేటలోనే దిగాలి, ఆ బండి వరంగల్ వెళ్లదు. చెన్నై వైపు పోయే తమిళనాడు ఎక్స్‌ప్రెస్ అయితే బైపాస్ లైన్లో నేరుగా వరంగల్ వెళ్తుంది, కాజీపేట జంక్షన్‌కు రాదు. ఈ తేడా తెలియక మా మేనమామ ఒకసారి తమ్ముడి కోసం వరంగల్ ప్లాట్‌ఫాం మీద గంటసేపు టెన్షన్‌తో నిలబడ్డాడు. తమ్ముడేమో కాజీపేటలో దిగి, ఫోన్‌లో ఛార్జింగ్ లేక కూర్చున్నాడు.

మొదటి రాత్రి ఖర్చు తగ్గుతుందని ఒక చిన్న లాడ్జిలో దిగాం. బాత్రూం కుళాయి నుంచి తెల్లవార్లూ నీళ్లు కారుతూనే ఉన్నాయి. రెండుసార్లు చెప్పినా ఎవరూ రాలేదు. పొద్దున్నే ఖాళీ చేసి, నక్కలగుట్టలో తెలంగాణ టూరిజం వాళ్ల హరిత కాకతీయకు మారాం. ఆ రాత్రి అమ్మ హాయిగా నిద్రపోయింది. పెద్దవాళ్లతో వెళ్తే లాడ్జి దగ్గర డబ్బులు మిగుల్చుకోవాలని చూడకండి. వేయిస్తంభాల గుడి, భద్రకాళి గుడి రెండూ ఆటోలో తొందరగానే చూసొచ్చాం.

తిరుగు బండికి గంట ముందే కాజీపేట చేరాం. హన్మకొండలో కట్టించుకున్న సర్వపిండి కాగితానికి నూనె అంటి ఇంకా వెచ్చగానే ఉంది. పక్క బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చున్నారు, రిటైరైన రైలు డ్రైవరట. ఎదుటి లైన్లో గూడ్సు ఆగింది. ఒక డ్రైవర్ సంచీ భుజాన వేసుకుని దిగితే ఇంకొకాయన ఎక్కాడు. "డ్యూటీ మారుతుండ్రమ్మా, బల్లార్షా పోతది" అన్నారు అమ్మతో. అమ్మ ఒక సర్వపిండి ముక్క ఆయన చేతిలో పెట్టింది. గూడ్సు ఆఖరి పెట్టె దాటేదాకా ఆయన దాన్ని నోట్లో పెట్టుకోలేదు.