వంటింట్లోకి వినపడే సినిమాలే మా ఇంట్లో ఆడతాయి

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంట్లో టీవీ హాల్లో ఉంటుంది, నేనేమో ఎక్కువసేపు వంటింట్లో ఉంటాను. కరోనా ఏడాది ఓటీటీలు పెట్టించుకున్నప్పటి నుంచి మా ఇంట్లో నడిచిన సినిమాల్లో చాలావాటిని చూశాను అనడం కంటే విన్నాను అనడమే న్యాయం. కాబట్టి కెమెరా పనితనం సంగతి నన్నడక్కండి. ఇన్నేళ్లలో నాకు తేలిందల్లా ఒక్కటే: మాట బాగున్న సినిమా ఇంట్లో ఎన్నిసార్లయినా ఆడుతుంది, మాట లేనిది ఎంత ఖర్చుపెట్టి తీసినా రెండోసారి ఎవరూ పెట్టరు.

మన జిల్లా సినిమాతోనే మొదలెడతాను. మిడిల్ క్లాస్ మెలొడీస్ 2020 నవంబరులో థియేటర్ల మొహం చూడకుండానే ప్రైమ్‌లోకి వచ్చేసింది. కొలకలూరులో తండ్రికి చిన్న హోటలు, బొంబాయి చట్నీ చెయ్యడంలో తన చేతికి తిరుగులేదనుకునే కొడుకు, గుంటూరులో హోటలు పెట్టి తీరాలని వాడి పట్టుదల. కథ ఇంతే. తండ్రి కొండలరావుగా గోపరాజు రమణ గారు నోరు తెరిస్తే, పక్కవాటాలో పెద్దాయన వాకిట్లో నిలబడి కేకలేస్తున్నట్టే ఉంటుంది. మా అత్తయ్య పుట్టిల్లు తెనాలి వైపు. సినిమాల్లో మన యాస మాట్లాడితే ఆవిడకి ఎక్కడో ఓచోట ఎబ్బెట్టుగా అనిపిస్తుంది. ఈ సినిమాకి మాత్రం కాసేపు విని, "వీళ్లు మనోళ్లేనమ్మాయ్" అని తేల్చేశారు. ఆవిడ దగ్గర అంతకంటే పెద్ద మార్కులు ఉండవు. హీరోయిన్‌కి సంబంధాలు చూసే గొడవ కొంచెం సాగదీశారు, ఆ కాస్తసేపట్లో నేను పప్పు తాలింపు పెట్టుకుంటాను. ఇది చూసిన మర్నాడు మా ఇంట్లో పూరీలు చెయ్యక తప్పదు. అన్నట్టు, బొంబాయి చట్నీకి శనగపిండిని ముందే చన్నీళ్లలో జారుగా కలిపి పెట్టుకోవాలి. మరిగే నీళ్లలో పొడిపిండి వేశారో, అది చట్నీ కాదు, ఉండలు.

హోటలు అంటే గుర్తొచ్చేది అమృతం కామెడీ సీరియల్. 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చినప్పుడు ఆదివారం ఎవరింటికన్నా వెళ్లాలంటే అది అయ్యాకే బయల్దేరేవాళ్లం. ఇప్పుడు యూట్యూబ్‌లో ఏ ఎపిసోడ్ కావాలంటే అది. అమృతం పాత్రకి మనుషులు మారినా ఆంజనేయులుగా గుండు హనుమంతరావు గారు మారలేదు. పక్కనే బెజవాడ మనిషి, 2018లో పోయారు. ఏదో ఉపాయం తట్టి ఆయన గొంతు పైకి లేచిందంటే, ఇక హోటలు మునిగిందని నాకు గోడ ఇవతల నుంచే తెలిసిపోతుంది. వరసగా నాలుగు ఎపిసోడ్లు చూస్తే చెప్పిందే చెబుతున్నట్టుంటుంది, అది నిజం. రోజుకొకటి చాలు. 2020లో జీ5లో వచ్చిన రెండో అమృతం మాత్రం మా ఇంట్లో నిలవలేదు. ఎల్బీ శ్రీరామ్ గారు గొప్ప నటుడే, కానీ మా చెవులకి ఆంజనేయులంటే ఆ పాత గొంతే.

ఇక భారీ సినిమాలు. ఆర్ఆర్ఆర్ థియేటర్లో చూసినప్పుడు, జంతువులతో పాటు ఎన్టీఆర్ లారీలోంచి దూకే చోట జనం అరుపులకి పక్కనున్న మా ఆయన మాటే వినపడలేదు. అదే సీను ఇంట్లో వస్తుంటే అత్తయ్య చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "ఏందమ్మాయ్, ఆ పులిని ఎవరు వదిలారు?" అన్నారు. సినిమా తప్పేం లేదు. నలభై మూడు అంగుళాల టీవీకి అంత సినిమా పట్టదు, అంతే.

పెద్ద సినిమాలతో ఇంకో బాధ శబ్దం. మాటలు గుసగుసల్లా, పాటా ఫైటూ వస్తే కిటికీ అద్దాలు అదిరేట్టు. రిమోట్ చేతిలోంచి దిగేది కాదు. అసలు సంగతేంటంటే, ఆ ఆడియో అయిదారు స్పీకర్లకి పంచి ఇచ్చింది, మన టీవీకున్నవి వెనకనో కిందనో రెండు బుల్లి స్పీకర్లు. మాటల కోసం విడిగా ఉంచిన మధ్య స్పీకరే మన దగ్గర లేదు. సినిమా నడుస్తుండగా ఆడియో మెనూలోకి వెళ్లి, తెలుగు 5.1 (ఆ అయిదారు స్పీకర్లది) బదులు మామూలు తెలుగు ఉంటే అది పెట్టుకోండి. టీవీ సెట్టింగుల్లో మాటలు స్పష్టంగా వినపడే మోడ్ ఉంటే అదీ వేసుకోండి. మా ఇంట్లో ఈ రెండూ చేశాక సౌండ్‌బార్ కొనే ఆలోచన మానేశాం.

మలయాళం సినిమాలకి మా ఆయన వీరాభిమాని. సబ్‌టైటిల్స్ పెట్టి అసలు భాషలోనే చూడాలంటారు. సుఖంగా కుర్చీలో కూర్చున్నవాళ్లు ఏమైనా చెబుతారు. చేతిలో కత్తిపీట ఉన్నవాళ్లు సబ్‌టైటిల్స్ చదవలేరు కదా. పోనీ తెలుగు డబ్బింగ్ పెడదామంటే, పల్లెటూరి తాత కూడా వార్తలు చదివినట్టు మాట్లాడతాడు. బాగా డబ్బింగ్ చేసినవి లేకపోలేదు, కానీ మొదటి పది నిమిషాలు వింటే తెలిసిపోతుంది ఏది ఉంచాలో ఏది మార్చాలో.

ఈటీవీ విన్‌లో 2024 జనవరిలో వచ్చిన నైంటీస్ సిరీస్ మాత్రం నేను వంటిల్లు కట్టేసి వచ్చి కూర్చుని చూశాను. లెక్కల మాస్టారుగా శివాజీ ఇంట్లో పెద్దగా నవ్వడు, రూపాయి దగ్గర అసలే నవ్వడు. మా నాన్నా అంతే. ఆరే ఎపిసోడ్లు, ఎక్కడ ఆపాలో తెలిసి ఆపారు. సాయంత్రం సీరియళ్ల గురించి ఏమీ రాయను, అత్తయ్య ఇది చదువుతారు.

డబ్బుల విషయానికొస్తే, ఒక యాప్‌కి ఏడాదికి కట్టాక కూడా సినిమా మధ్యలో ప్రకటనలు మొదలెట్టారు, అవి వద్దంటే ఇంకాస్త కట్టమన్నారు. దాన్ని పొడిగించలేదు. ఇప్పుడు ఏడాది పొడుగునా ఉంచుకున్నవి రెండే, ఒకటి అత్తయ్యకి, ఒకటి మా ఆయనకి. మూడోది సంక్రాంతి సినిమాలు ఓటీటీలోకి దిగినప్పుడు నెలకి మాత్రం కట్టి, అన్నీ చూసేసి, తనంతట తాను డబ్బు లాక్కునే ఆటోపే ఆపేస్తాం. నా వాటా యూట్యూబ్‌లో ఉచితంగానే నడుస్తోంది.