పాత డెస్క్‌టాపే వైఫై రూటర్: నాలుగేళ్లు, నాలుగు కార్డులు

మా ఇంట్లో నెట్ తీగ నేరుగా పాత డెస్క్‌టాప్‌కే వస్తుంది. విండోస్‌కి బదులు లైనక్స్ వేసి, హోస్ట్‌ఏపీడీ అనే ప్రోగ్రామ్‌తో దాన్నే యాక్సెస్ పాయింట్‌గా, అంటే ఫోన్లకి వైఫై ఇచ్చేదిగా, వాడబట్టి నాలుగేళ్లయింది. సెట్టింగులు ఒక్క సాయంత్రంలో అయిపోయాయి. ఇబ్బందంతా వైఫై కార్డుని నడిపే ప్రోగ్రాములతో, అంటే డ్రైవర్లతోనే.

మొదట కొన్నది చవక యూఎస్‌బీ డాంగిల్, అంటే యూఎస్‌బీలో గుచ్చే బుల్లి వైఫై కార్డు. డబ్బా మీద 'సాఫ్ట్ ఏపీ' అని పెద్దక్షరాలు, ఏపీ అంటే యాక్సెస్ పాయింటే. విండోస్‌లో నిజంగానే పనిచేసింది. లైనక్స్‌లో కార్డు ఏమేం చేయగలదో చూపే 'ఐడబ్ల్యూ లిస్ట్' కమాండ్ కొట్టి చూస్తే, సపోర్టెడ్ ఇంటర్‌ఫేస్ మోడ్స్ కింద 'మేనేజ్‌డ్' ఉంది, 'ఏపీ' లేదు. అంటే ఇంకో వైఫైకి తగులుకోగలదు కానీ తాను వైఫై ఇవ్వలేదు. డబ్బా చూసి కాదు, లోపలి చిప్ తెలుసుకుని కొనాలి. అదీ తిప్పలే, ఒకే మోడల్ పేరు మీద వెర్షన్ మారితే చిప్పూ మారిపోతుంటుంది.

రెండోది ఏటీహెచ్9కే_హెచ్‌టీసీ డ్రైవర్‌తో నడిచే డాంగిల్. పెట్టిన రోజే పనిచేసింది, ఏడాదిన్నర మాట రాలేదు. దసరాకి చుట్టాలొచ్చారు. బావ పాస్‌వర్డ్ మూడుసార్లు కొట్టి నావైపు చూశాడు. పాస్‌వర్డ్ మార్చాను, కంప్యూటర్ రీస్టార్ట్ చేశాను, లాభం లేదు. అత్తయ్య ఫోన్‌లో వైఫై ఆపగానే బావ ఫోన్ టక్కున కలిసింది! అప్పుడు వెతికితే తెలిసింది: ఆ డ్రైవర్‌లో కలిసే పరికరాలకి ఉన్నవి మొత్తం ఎనిమిది స్థానాలు, అందులో ఒకటి దాని సొంతానికే పోతుంది. మిగిలేవి ఏడు. ఎనిమిదో ఫోన్‌కి చోటు లేదు. ఆ పండగంతా ఎవరు నెట్ చూడాలో వంతులే.

మూడోసారి కొత్త ల్యాప్‌టాప్ లోపలి కార్డుతో 5 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్ ప్రయత్నించాను. కంపెనీ పేరెందుకులెండి. 'ఐడబ్ల్యూ లిస్ట్' జాబితాలో 'ఏపీ' ఉంది, సంతోషించాను. కానీ 5 గిగాహెర్ట్జ్ చానెళ్లన్నిటి పక్కనా 'నో ఐఆర్' అని ఉంది, అంటే ఆ చానెల్‌లో ముందుగా తాను సిగ్నల్ పంపకూడదని. మన దేశంలో 2018లోనే ఆ బ్యాండ్‌లో చాలా భాగానికి లైసెన్స్ అక్కర్లేదన్నారు. దేశం కోడ్ 'ఐఎన్' అని పెట్టినా కార్డు వినలేదు. నియమాలు కార్డు లోపల నడిచే ప్రోగ్రామ్‌లోనే, అంటే ఫర్మ్‌వేర్‌లోనే ఉన్నాయి, బయటి నుంచి చెప్తే తీసుకోదు.

అదే కార్డుతో వైఫై తీసుకుంటూ వైఫై ఇవ్వడమూ చూశాను. ఆ జాబితాలో 'చానెల్స్' సంఖ్య ఒకటే ఉంది కాబట్టి రెండూ ఒకే చానెల్‌లో ఉండాలి. మనకి వైఫై ఇచ్చే పై రూటర్ చానెల్ మారిస్తే కింద అందరికీ నెట్ పోతుంది. వేగం ఎలాగూ సగానికి సగం.

ఇప్పుడున్నది ఏఆర్9280 చిప్ ఉన్న పాత కార్డు, అడాప్టర్‌తో డెస్క్‌టాప్‌లో బిగించాను. దాన్ని నడిపే ఏటీహెచ్9కే డ్రైవర్ 2008 నుంచి లైనక్స్ మూల భాగమైన కెర్నెల్‌లోనే ఉంది, వేరే ఫర్మ్‌వేర్ ఫైలు కూడా అడగదు. పన్నెండు ఫోన్లు కలిసినా నిలబడింది. నేను 2.4 గిగాహెర్ట్జ్ మీదే నడుపుతున్నాను, గోడ అవతల వేగం అంతంతమాత్రమే. సినిమాలు చూసేవాళ్లకి కొత్త రూటర్ కొనుక్కోమనే చెప్తాను. నాకు మాత్రం ఇది చాలు, వచ్చే దసరాకి కూడా.