తయారీ రంగం లెక్కలు వేసేటప్పుడు కంపెనీని గంపగుత్తగా లెక్కించాలా, ఫ్యాక్టరీకి ఫ్యాక్టరీ విడిగా లెక్కించాలా? ఏది మేలు?

మా బాబాయి చాలా ఏళ్లుగా బెంగళూరు పీన్యాలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేస్తున్నాడు. ఫ్యాక్టరీయే జీతమిచ్చినన్నాళ్లూ లెక్కల్లో ఆయన తయారీ రంగం మనిషి. తర్వాత క్యాంటీన్‌ని కాంట్రాక్టుకి ఇచ్చేశారు. అదే పొయ్యి, అదే ఉప్మా, కానీ ఇప్పుడాయన సేవల రంగంలో, హోటళ్ల వరసలో ఉంటాడు. "తయారీలో ఉద్యోగాలు తగ్గాయి" అనే వార్త చూసినప్పుడల్లా నాకు ముందు ఆయనే గుర్తొస్తాడు, ఎందుకంటే తగ్గినవాటిలో ఇలా పక్క గడిలోకి జరిగినవీ ఉంటాయి.

ఈ గడులు గీసేది నిక్-2008, అంటే మన జాతీయ పరిశ్రమల వర్గీకరణ. ఐక్యరాజ్యసమితి వర్గీకరణను బట్టి చేసిన అయిదంకెల కోడ్. అసలు చిక్కు కోడ్‌లో కన్నా దాన్ని దేనికి తగిలిస్తున్నాం అనేదాంట్లో ఉంది.

ఒక పద్ధతిలో ఫ్యాక్టరీయే లెక్క. వార్షిక పరిశ్రమల సర్వే అలాగే నడుస్తుంది, పాత జీడీపీలో కూడా పెద్ద ఫ్యాక్టరీల లెక్క దాన్నుంచే వచ్చేది. అదే కంపెనీకి ఇందిరానగర్‌లో హెడ్డాఫీసు, సేల్స్ ఆఫీసు ఉంటే అవి ఈ సర్వేకి అందవు. 2015 జనవరిలో 2011-12 ఆధార సంవత్సరంతో కొత్త జీడీపీ వచ్చాక, కంపెనీలు ప్రభుత్వానికి ఇచ్చే బ్యాలెన్స్ షీట్లు తీసుకున్నారు, అదే గంపగుత్త పద్ధతి. ఆ లెక్కలో కంపెనీ ప్రధానంగా తయారీదైతే హెడ్డాఫీసు, సేల్స్ అన్నీ తయారీ కిందకే వచ్చేవి. 2013-14లో తయారీ వృద్ధి పాత లెక్కలో మైనస్ 0.7 శాతం, కొత్త లెక్కలో 5.3 శాతం! తేడా మొత్తం దీనివల్లే అనను, సమాచారం తీసుకునే చోటు, ధరల లెక్క కూడా మారాయి. అయినా ఆ ఏడాది మూతపడిన ఫ్యాక్టరీ ఏదీ ఈ మార్పుతో తలుపు తెరవలేదు కదా.

కంపెనీ ఎంత సంపద సృష్టించిందో తెలియాలంటే గంపగుత్త లెక్కే నయం, డిజైన్, బ్రాండ్, సర్వీసింగ్‌లో వచ్చే డబ్బును ప్లాంటు వారీగా విడదీయడం కష్టం. కానీ హెడ్డాఫీసు బెంగళూరులో, ప్లాంటు మా హిందూపురంలో ఉంటే? బ్యాలెన్స్ షీట్ ఒక్కటే, అందులో ఏ రాష్ట్రానికి ఎంతో ఉండదు, తర్వాత ఏదో కొలమానంతో పంచాల్సిందే. ఉద్యోగాలు, ప్రాంతాలు, కరెంటు, రోడ్ల గురించి మాట్లాడేటప్పుడు నా ఓటు ఫ్యాక్టరీ లెక్కకే.

దానికి తోడు వృత్తి కోడ్, అంటే మనిషి చేసే పనిని బట్టి ఇచ్చే కోడ్ కూడా చూడాలి. పీఎల్‌ఎఫ్‌ఎస్ అనే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల సర్వేలో పరిశ్రమ, వృత్తి రెండూ నమోదు చేస్తారు. జీతం ఎవరిచ్చినా వృత్తి పట్టికలో బాబాయి వంటమనిషే.

పాత ఏళ్లతో పోల్చేవాళ్లకు ఇంకో మాట. నిక్-2004లో పత్రికల, పుస్తకాల ప్రచురణ తయారీలో ఉండేది, 2008లో దాన్ని సమాచార రంగానికి మార్చారు. ప్రింటింగ్ మాత్రం తయారీలోనే ఉండిపోయింది.