డిస్కార్డ్ ఆటోమాడ్: తెలుగు బూతుల దగ్గర ఎంతవరకు పనికొస్తుంది

మా తెలుగు సర్వర్‌లో డిస్కార్డ్ వాళ్ళ ఆటోమాడ్ వాడుతున్నాను. డిస్కార్డ్ అంటే గుంపులుగా మాట్లాడుకునే యాప్, అందులో ఒక్కో గుంపు ఒక సర్వర్. మనం వద్దన్న మాటలున్న మెసేజ్‌లని దానంతటదే పట్టుకునే సౌకర్యం ఆటోమాడ్. సొంతంగా సర్వర్ నడిపేవాళ్ళు చాలామంది దీని గురించి అడుగుతున్నారు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నా. ముందు తీర్పు చెప్పేస్తాను. పెట్టుకోండి, ఉచితం, పనిచేస్తుంది. కానీ మీ దగ్గర బూతులు ఉండనివ్వాలా వద్దా అన్నది అది తేల్చదు. ఆ సంగతి మీరు తేల్చుకున్నాకే సెట్టింగ్స్‌లోకి వెళ్ళాలి. తేల్చుకోకుండా పెడితే మామూలుగా మాట్లాడుకునేవాళ్ళ నోళ్ళు మూతపడతాయి, తిట్టాలనుకున్నవాడు మాత్రం ఇంకో స్పెల్లింగ్ వెతుక్కుంటాడు.

మా సర్వర్‌లో నడిచేది గేమింగ్, క్రికెట్, సినిమా. ఈ మూడింట్లో ఏ ఒక్కటున్నా చాలు తెలుగువాళ్ళు తిట్టుకోవడానికి. మా దగ్గర మూడూ ఉన్నాయి. హనుమకొండ, సిద్దిపేట, నెల్లూరు, శ్రీకాకుళం నుంచి ఉన్నారు. డల్లస్, మెల్‌బోర్న్ నుంచీ ఉన్నారు. ఎక్కువమంది ఇంజినీరింగ్ పిల్లలు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు. పాత క్రికెట్ కబుర్ల కోసం వచ్చే రిటైరైన పెద్దవాళ్ళు కూడా కొందరున్నారు. నాది హనుమకొండ. వయసుతో నిమిత్తం లేకుండా అక్కడ అందరికీ నేను అక్కనే.

పెద్దవాళ్ళ మాట ఒకటే: "ఒక్క బూతు కూడా కనపడకూడదమ్మా, మా మనవరాలు పక్కన కూర్చుని చదువుతుంది." కుర్రాళ్ళ మాట ఇంకొకటి: "ఆఖరి ఓవర్లో చేతిలో పడ్డ క్యాచ్ వదిలేస్తే ఏమనాలి అక్కా, హరిహరీ అనాలా?" రెండు మాటల్లోనూ నిజం ఉంది. నేను పెట్టుకున్న గీత వేరు. క్యాచ్ జారినందుకు గాల్లోకి వదిలిన మాట ఎవరికీ తగలదు, దాన్ని వదిలేయాలి. అదే మాటకి ముందు "నీ" చేర్చి ఎదుటి మనిషి మీదకి విసిరితే ఆపాలి. వాళ్ళ అమ్మనో అక్కనో మధ్యలోకి లాగితే ఆపాలి. కులం పేరుతో తిడితే అసలు ఆలోచించాల్సిన పనే లేదు. ఇప్పుడు ఈ గీతని ఆటోమాడ్‌కి ఎంతవరకు నేర్పగలమన్నదే ఈ రివ్యూ.

ఇది 2022 జూన్‌లో వచ్చింది. అంతకు ముందు ఈ పనికి బయటివాళ్ళు చేసిన బాట్‌లు తెచ్చి పెట్టుకునేవాళ్ళం. ఇది డిస్కార్డ్‌లోనే ఉంటుంది, మెసేజ్ ఛానెల్‌లో (సర్వర్ లోపల ఒక్కో విషయానికి ఉండే గదిలో) కనపడకముందే ఆపుతుంది. మాటల నియమాలు ఆరు దాకా రాసుకోవచ్చు, ఒక్కో నియమంలో వెయ్యి మాటలు పెట్టుకోవచ్చు. నాకు అన్నిటికంటే నచ్చింది ఏంటంటే, ఏ నియమానికి ఆ చర్య విడిగా ఉంటుంది. మెసేజ్‌ని ఆపేయవచ్చు, ఆపకుండా మోడరేటర్ల (సర్వర్‌ని కనిపెట్టుకుని ఉండేవాళ్ళ) ఛానెల్‌కి హెచ్చరిక మాత్రం పంపవచ్చు, రాసిన మనిషిని కాసేపు మాట్లాడకుండా కూర్చోబెట్టవచ్చు. ఏ ఛానెల్‌కి మినహాయింపు కావాలంటే దానికి ఇవ్వవచ్చు. కొత్తవాళ్ళు సందేహాలు అడిగే ఛానెల్‌లో మేం గట్టిగా ఉంటాం. డిస్కార్డ్‌లోకి పదమూడేళ్ళ నుంచే రావచ్చు కదా, ఆ వయసు పిల్లలు ముందు అడుగుపెట్టేది అక్కడికే. మ్యాచ్ రాత్రుళ్ళు నడిచే రచ్చబండ ఛానెల్‌కి రెండు నియమాలే వర్తిస్తాయి. బూతులకి ఇంత తేడాగా తలుపులు తీసే, వేసే వీలు ఉండటం చాలా గొప్ప సంగతి.

ఇక తెలుగు దగ్గరికి వద్దాం. వాళ్ళు ముందే ఇచ్చిన జాబితాలు మూడున్నాయి, కానీ తెలుగు జాబితా మనమే రాసుకోవాలి. అక్కడే అసలు పని మొదలవుతుంది. మీరు ఒక మాట రాస్తే అది విడి మాటగా వచ్చినప్పుడే పట్టుకుంటుంది. తెలుగులో ఏ మాటా విడిగా ఉండదు కదా. "దరిద్రుడు" అని పెట్టారనుకోండి, దరిద్రుడా, దరిద్రుడివి, దరిద్రుణ్ణి, దరిద్రుడితో అన్నీ తప్పించుకుపోతాయి. మాట చివర నక్షత్రం గుర్తు పెడితే ఆ మొదలుతో వచ్చేవన్నీ దొరుకుతాయి. "దరిద్ర" అని రాసి నక్షత్రం పెట్టామా, దేశంలో దరిద్రం గురించి బాధతో రాసిన మనిషి మెసేజ్ కూడా ఆగిపోతుంది. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్ళతో ఇంకో చిక్కు. జి, యు, రెండు డి లు, ఎ. నేతగుడ్డ గురించి రాసినా అవే అక్షరాలు, మీకు తెలిసిన ఆ బూతు రాసినా అవే అక్షరాలు. పోచంపల్లి చీరల గురించి మాట్లాడుకునే ఆడవాళ్ళని ఆపే ఫిల్టర్ నాకు వద్దు. ఆ మాటని ఆపే జాబితాలోంచి తీసేసి హెచ్చరిక జాబితాలో వేశాను. సాగదీసి రాసేవాళ్ళ కోసం, అంటే ఒక్క అచ్చుని పదిసార్లు కొట్టేవాళ్ళ కోసం, నియమానికి పది రెగెక్స్‌లు (ఒక మాటని ఎన్ని రకాలుగా రాసినా పట్టుకునే నమూనాలు) రాసుకునే వీలుంది. అది రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష తరహా రెగెక్స్ కాబట్టి కొన్ని మామూలు చిట్కాలు నడవవు, ముందే పరీక్షించుకోండి.

ఊరి తేడా కూడా లెక్కలోకి తీసుకోవాలి. "నీ యవ్వ" అని మా వైపు దోస్తులు ఒకరినొకరు పలకరించుకుంటారు, ఆశ్చర్యపోయినా అంటారు, అన్నం బాగుందన్నా అంటారు. శ్రీకాకుళం తమ్ముడు ఒకతను మొదటిసారి విన్నప్పుడు తనని అమ్మ పేరుతో తిట్టారనుకుని చాలా బాధపడ్డాడు. సిద్దిపేట పిల్లాడికి అది తిట్టన్న ఆలోచనే లేదు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. ఆ మాటని ఆపేస్తే తెలంగాణ వాళ్ళ నోట్లోంచి వాళ్ళ యాస తీసేసినట్టే. గీత ఎక్కడ గీసినా ఏ ఊరి నాలుకని కొలబద్దగా పెట్టుకున్నామో చూసుకోవాలి. కోస్తా చెవికి మొరటుగా వినపడేదంతా బూతు కాదు. దాన్ని ఆపకుండా వదిలేశాం. కొత్తగా వచ్చినవాళ్ళకి మాత్రం ఆ మాట ఇక్కడ ఎలా వాడతారో ముందే చెప్తున్నాం.

కులం పేర్ల దగ్గర నేను చాలా ఆలోచించాను, అన్నిటికంటే ఎక్కువ చదవాల్సిందీ అక్కడే. కులం పేరు పెట్టి తిట్టే అలవాటు మన ఊళ్ళలో ఎంత మామూలైపోయిందో మీకు చెప్పక్కర్లేదు. షెడ్యూల్డు కులాలు, తెగల అత్యాచారాల నిరోధక చట్టం 1989 నాటిది. పదిమందికీ కనపడే చోట ఆ కులాలవాళ్ళని కులం పేరుతో తిట్టడం దాని సెక్షన్ 3(1)(ఎస్) కింద నేరం. ఇంటర్నెట్‌లో పెట్టిన మాట కూడా పదిమంది ముందు అన్నట్టే అవుతుందని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. కాబట్టి ఆ పేర్లన్నీ ఆపే జాబితాలో వేసేద్దాం అని మా మోడరేటర్లలో ఒకరు అన్నారు. నేను ఒప్పుకోలేదు.

ఎందుకంటే ఆ పేరు ఎవరిదో వాళ్ళు దాన్ని తలెత్తుకుని చెప్పుకుంటున్నారు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా, అంటే మాదిగల రిజర్వేషన్ ఉద్యమం, మొదలైనప్పటి నుంచి ఎంతోమంది తమ పేరు చివర మాదిగ అని రాసుకున్నారు. అంతవరకు తిట్టుగా వాడిన మాటని సొంత పేరుగా నిలబెట్టుకున్నారు. ఎస్సీ వర్గీకరణ (ఎస్సీ రిజర్వేషన్లని అందులోని కులాల మధ్య పంచడం) మీద 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక మా సర్వర్‌లో కూడా పిల్లలు దాని గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. కులం పేరు ఆపే జాబితాలో ఉండి ఉంటే ఆ చర్చలో ఒక్క వాక్యం కూడా బయటికి వచ్చేది కాదు. తమ గురించి తాము మాట్లాడుకోనివ్వని చోట వాళ్ళెందుకు ఉంటారు? ఇక మాల అన్న మాట చూడండి. కార్తీకం వచ్చిందంటే సగం మంది కుర్రాళ్ళు "మాల వేసుకున్నా అన్నా, నాన్‌వెజ్ లేదు" అని రాస్తారు. నక్షత్రం పెడితే మాలతి అన్న అమ్మాయి పేరు కూడా పోతుంది.

అందుకని కులం పేరు ఒంటరిగా ఎక్కడా పెట్టలేదు. తిట్టుగా వాడేటప్పుడు దానికి తగిలించే తోకలు ఉంటాయి కదా, ఆ తోకతో కలిపి మొత్తం మాటనే ఆపే నియమంలో రాశాం. ఒక నియమంలో పేరూ తోకా కలిసినవి ఆగిపోతాయి, మోడరేటర్లకి వెంటనే తెలుస్తుంది. ఆ జాబితా రాయడానికి ఆ కులాల నుంచి వచ్చిన సభ్యులనే కూర్చోబెట్టుకున్నాం. వాళ్ళు చెప్పిన మాటల్లో కొన్ని నాకు అప్పటిదాకా తిట్లని కూడా తెలియదు, రోజూ "చండాలంగా ఉంది" అనేస్తుంటాం చూడండి, అలాంటివి. అవి ఆపలేదు. ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పి, వాడకండని అడుగుతున్నాం.

ఇంత చేసినా, మా సర్వర్‌లో నేను చూసిన అతి నీచమైన మెసేజ్ ఏ నియమానికీ దొరకలేదు. ఒక అమ్మాయి క్యాంపస్ సెలెక్షన్ వచ్చిందని సంతోషంగా చెప్తే, ఒకతను చక్కటి తెలుగులో, గారు అని చేర్చి మరీ, "మీవాళ్ళకి కష్టపడాల్సిన పనేముందండీ" అని రాశాడు. అందులో బూతు లేదు. పెద్దవాళ్ళు చూపించమనే మర్యాదంతా ఉంది. ఆ అమ్మాయి ఆ రోజు నుంచి మాట్లాడటం తగ్గించేసింది. అదే సాయంత్రం వేరే ఛానెల్‌లో ఇద్దరు దోస్తులు గేమ్ ఓడిపోయి ఒకరినొకరు నానా మాటలూ అనుకుని, పది నిమిషాలకి మళ్ళీ కలిసి ఆడారు. ఈ రెండింట్లో దేన్ని బయటికి పంపాలో మనిషికి తెలుస్తుంది. మేం ఆ పెద్దమనిషిని పంపించాం. బూతులు తీసేస్తే సర్వర్ శుభ్రపడుతుందని నమ్మేవాళ్ళు ఈ ఒక్క సంఘటన గురించి ఆలోచించండి.

కొంతమంది "బూతు తిడితే కేసే" అని బెదిరిస్తూ వస్తారు. బూతు మాట ఉన్నంత మాత్రాన అది అశ్లీలం కాదని 2024 మార్చిలో ఒక వెబ్ సిరీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆడమనిషిని అవమానించే మాటలు, కులం పేరుతో తిట్లు, చంపుతామన్న బెదిరింపులు వేరు. వాటికి చట్టం ఉంది.

మెసేజ్ ఆగినప్పుడు రాసినవాళ్ళకి కనపడే మాట మనమే రాయొచ్చు, 150 అక్షరాల దాకా. ఈ చిన్న సౌకర్యాన్ని ఎవరూ పట్టించుకోరు. నాకు మాత్రం ఇది చాలా ముఖ్యం. "నిబంధనల ఉల్లంఘన" అని రాస్తే మనిషి ఇంకా మండిపడతాడు. మేం రాసింది ఇది: "కోపం రావడం తప్పు కాదు. ఆ తిట్టు తీసేసి అదే కోపం మళ్ళీ రాయి, అందరం వింటాం." చాలామంది నిజంగానే మళ్ళీ రాస్తున్నారు.

దీనితో కాని పనులు కూడా చెప్పాలి. ఇది రాత మాత్రమే చూస్తుంది. వాయిస్ ఛానెల్‌లో నోటితో తిడితే దానికి వినపడదు, మీమ్ బొమ్మ మీద రాసిన తిట్టు కనపడదు. మ్యాచ్ రాత్రి బూతులు ఎక్కువగా నోటితోనే వస్తాయి కాబట్టి అక్కడ ఒక మనిషి ఉండాల్సిందే. అడ్మిన్‌కీ, సర్వర్ నిర్వహణ అనుమతి ఉన్నవాళ్ళకీ ఈ నియమాలు అసలు వర్తించవు. అధికారం ఉన్నవాడు తిడితే ఆపేది ఏదీ లేదన్నమాట. అందుకే ఆ అనుమతిని మేం చాలా కొద్దిమందికే ఇచ్చాం. మిగతా మోడరేటర్లు మామూలు సభ్యుల్లాగే నియమాల కింద ఉంటారు. హెచ్చరికల ఛానెల్ రాత్రంతా నిండుతూనే ఉంటుంది. ఇక్కడ మేం పడుకునే వేళకి డల్లస్ వాళ్ళు మేలుకుని ఉంటారు, వాళ్ళు చూస్తారు. ఒక్క ఊరివాళ్ళే నడిపే సర్వర్‌కి ఇది కష్టం.

నేనిచ్చేది 5కి 3.5. తెలుగు తెలిసిన మనుషులు నలుగురు దాని వెనక కూర్చుంటే 4.

కొత్తగా పెట్టుకునేవాళ్ళకి ఒక సలహా. మొదట్లో కులం తిట్లు తప్ప ఇంకేవీ ఆపకండి, మిగతా మాటలన్నిటికీ హెచ్చరిక మాత్రమే పెట్టండి. ఆ హెచ్చరికల ఛానెల్ రోజూ కూర్చుని చదవండి. ఏ మాట ఎవరు ఎవరితో అంటున్నారు, అన్నాక ఎదుటివాళ్ళు నవ్వుతున్నారా, మాట్లాడటం మానేస్తున్నారా చూడండి. మానేసినవాళ్ళని విడిగా పలకరించి అడగండి. ఆపే జాబితా ఆ తర్వాతే రాయండి, అది కూడా వాళ్ళతో కలిసి రాయండి.