గివ్‌వెల్ ఏళ్ళ తరబడి వాడాక: ర్యాంకింగ్ కన్నా నాకు వాళ్ళ తప్పుల పేజీయే ముఖ్యం

గివ్‌వెల్ అంటే, ఏ సేవా సంస్థకి డబ్బిస్తే ఎక్కువ మేలు జరుగుతుందో పరిశోధించి కొన్నిటిని సిఫార్సు చేసే సంస్థ, డొనేషన్ ఇచ్చే ముందు కాస్త వెతికే అలవాటున్న వాళ్ళకి తెలిసిందే. నన్ను ఇన్నేళ్ళు అక్కడ నిలబెట్టింది ఒకటే, ఆ సైట్‌లో 'మా తప్పులు' అని ఒక పేజీ ఉంటుంది. ఏదో పేరుకి నాలుగు లైన్లు కాదు, చాంతాడంత పేజీ. 2007లో సంస్థ పెట్టిన కొత్తలో వాళ్ళ పెద్దలే తామెవరో చెప్పకుండా ఆన్‌లైన్లో తమ గురించి తామే గొప్పగా రాసుకుని దొరికిపోయారు, అది కూడా అందులో ఉంది. డబ్బు అడిగే సంస్థ ఇలాంటివి రాసి పెట్టుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇది నాకు ఎందుకంత పెద్ద విషయమో చెప్తా. నేను కొన్నాళ్ళు డబ్బు పంపిన ఒక పెద్ద సంస్థకి 'వందలో ఎంత సేవకి వెళ్తోంది' అనే లెక్కలో ఎప్పుడూ మంచి మార్కులే. ఆడిట్ రిపోర్ట్ చివర్లో ఉండే నోట్స్ చదివితే, విరాళాలు అడుగుతూ పంపే ఉత్తరాల ఖర్చులో పెద్ద భాగం 'ప్రజలకి అవగాహన' కింద సేవలోకి వేశారు, ఉచితంగా వచ్చిన మందులకి మార్కెట్ రేటు కట్టి అటు ఆదాయంలోనూ ఇటు సేవా ఖర్చులోనూ చూపించారు. రెండూ అకౌంటింగ్ రూల్స్ లోపలే చెయ్యొచ్చు, మోసం అనలేం, కానీ ఆ పర్సెంటేజీ చూసి నమ్మినవాళ్ళకి మాత్రం అసలు సంగతి తెలీదు. పోయిన ఏడాది మీ పనుల్లో ఏది అనుకున్నట్టు జరగలేదు అని మెయిల్ పెడితే నవ్వుతున్న పిల్లల ఫోటోతో థాంక్స్ కార్డ్ వచ్చింది, జవాబు రాలేదు. ఓవర్‌హెడ్ (సంస్థ నడపడానికి అయ్యే ఖర్చు) ఒక్కటే చూసి సంస్థని కొలవొద్దని 2013లో సేవా సంస్థల వివరాలు, రేటింగులు ఇచ్చే గైడ్‌స్టార్, చారిటీ నావిగేటర్, ఇంకో సంస్థ కలిసి బహిరంగ లేఖ రాశాయి, అయినా ఇప్పటికీ అందరూ మొదట అడిగేది ఆ అంకే.

ఇక 'నో లీన్ సీజన్' సంగతి. బంగ్లాదేశ్‌లో కోతలకి ముందు పనుల్లేని నెలల్లో పేద కుటుంబాల్లోంచి ఒకరు ఊరు దాటి పనికెళ్ళడానికి చిన్న అప్పు ఇచ్చే కార్యక్రమం, ఎవిడెన్స్ యాక్షన్ అనే సంస్థ నడిపింది. మొదటి పరిశోధనల్లో ఫలితం బాగా వచ్చింది, 2017లో గివ్‌వెల్ టాప్ లిస్ట్‌లో పెట్టింది. అదే ఏడాది పెద్ద ఎత్తున చేసి మళ్ళీ కొలిస్తే వలస పెరిగినట్టు కనపడలేదు. 2018లో లిస్ట్‌లోంచి తీసేశారు, ఎందుకు తీసేశారో రాశారు, 2019లో ఆ సంస్థ కార్యక్రమాన్నే ఆపేసి ఆ విషయం తనే చెప్పింది. అది చదివిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో, డబ్బు వచ్చే దారి మూసుకుపోతుందని తెలిసి కూడా నిజం చెప్పిన వాళ్ళని ఇంకేం చూసి నమ్మాలి? ఆ తర్వాతే ఎవిడెన్స్ యాక్షన్ మీద నా గౌరవం పెరిగింది.

అయితే ఆ తప్పుల పేజీ రాసేది కూడా గివ్‌వెల్ వాళ్ళే కదా, వాళ్ళ కంట పడిన తప్పులే అందులో ఉంటాయి. ఒక పిల్లాడి ప్రాణం కాపాడ్డం ఎక్కువా, ఇన్ని కుటుంబాల ఆదాయం పెంచడం ఎక్కువా అని తూచే అంకెలు కూడా చివరికి మనుషులు నిర్ణయించినవే. ఆ లెక్కలు వేసే స్ప్రెడ్‌షీట్ ఎవరైనా చూసేలా బయటే ఉంటుంది, నేను కాపీ చేసుకుని నా అంకెలు పెట్టి చూస్తే వరసలు కొన్ని మారిపోయాయి. పైగా మలేరియా దోమతెరలు, విటమిన్ ఎ, టీకాల లాంటివే ఎక్కువ. వికలాంగుల హక్కులు, లైబ్రరీలు, ఉచిత న్యాయ సహాయం, ఇలాంటివి మీ మనసుకి దగ్గరైతే అక్కడ మీకు దొరికేది తక్కువ.

నాకు ఓపిగ్గా చదివే టైముంది, డబ్బు ఎక్కడికి వెళ్ళినా ఫర్వాలేదు, పనికొస్తే చాలు, కాబట్టి నాకు సరిపోయింది. మీకు తెలిసిన చిన్న సంస్థకి ఇవ్వాలనుకుంటే ఈ సైట్ అక్కర్లేదు, వాళ్ళనే నేరుగా అడగండి, మీరు మానేసిన పని ఏంటి, ఎందుకు మానేశారు అని. చిన్న సంస్థలకి రిపోర్టులు రాసే మనిషి కూడా ఉండరు, అందుకని కాగితం లేదని వెంటనే పక్కన పెట్టకండి, ఫోన్లో చెప్పినా నేనైతే ఒప్పుకుంటా.