రజియా టంకా, షేర్ షా రూపాయి: ఏది మేలు?

షేర్ షా సూరి (1540–45) వెండి రూపాయి దాదాపు 11.5 గ్రాములు తూగుతుంది. ఎన్నో టంకశాలల్లో ముద్రించారు కాబట్టి సేకరణ మొదలుపెట్టేవారికి అందుబాటులో ఉంటుంది. చాలావాటిపై ఆయన పేరు నాగరి లిపిలోనూ కనిపిస్తుంది. తర్వాత మొఘలులూ ఈ ప్రమాణాన్నే కొనసాగించారు.

ఢిల్లీని ఏలిన సుల్తానా రజియా (1236–40) టంకా, అంటే ఆమె వెండి నాణెం, సంగతి వేరు. తూకం సుమారు 11 గ్రాములు. అది తండ్రి ఇల్తుత్‌మిష్ స్థిరపరచిన ప్రమాణం. బొమ్మలేవీ ఉండవు, అంతా అరబ్బీ అక్షరాలే. కానీ ఆ అక్షరాల్లోనే బాగ్దాద్ ఖలీఫా అల్-ముస్తన్సిర్ పేరుతోపాటు ఆమె బిరుదు ‘జలాలత్ అల్-దున్యా వల్-దీన్’ నిలిచింది. స్త్రీ పెత్తనాన్ని సహించలేని అమీర్ల (దర్బారు ప్రముఖుల) నడుమ ఇది ఎంత సాహసం! నాలుగేళ్లు నిండకుండానే పాలన ముగిసింది, అందుకే ఆ నాణెం అంత అరుదు. నిపుణుల పరీక్ష లేకుండా కొనకూడదు.

అభ్యాసానికి షేర్ షా రూపాయి చాలు. నా ఓటు మాత్రం రజియాకే.